సముద్రంలో కలవని నదులు: నీళ్లు పోతాయి, ఉప్పు ఎక్కడికి పోతుంది?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. నదులన్నీ సముద్రంలో కలుస్తాయని బళ్లో చదువుకున్నారు. ఇప్పుడేమో పోటీ పరీక్షలకి చదువుతుంటే కలవని నదులు కూడా ఉన్నాయని తెలిసింది. ఆ నీళ్లు ఏమవుతాయి, సముద్రంలోకి వృథాగా పోయే బాధ లేదు కాబట్టి అక్కడి రైతుకి మేలే కదా, మన దేశంలో అలాంటివి ఎక్కడ చూడొచ్చు. ఈ మూడే కదా మీరు అడిగింది.

సూటిగా చెప్పాలంటే, అలాంటి నదులు ఉన్నాయి, చాలానే ఉన్నాయి. అంటార్కిటికాని పక్కన పెడితే ప్రపంచ భూభాగంలో దాదాపు ఐదో వంతు మీద పడిన వాన ఏ సముద్రానికీ చేరదు. ఆ నీళ్లు ఏదో ఒక పల్లంలో చేరి సరస్సవుతాయి, లేదా ఇసుకలో ఇంకిపోతాయి. చివరికి చాలావరకు ఆవిరైపోతాయి. రెండో ప్రశ్నకి మాత్రం నా జవాబు మీరు అనుకున్నదానికి పూర్తిగా వ్యతిరేకం. రైతుకి అది మేలు కాదు. నది సముద్రానికి పోయేటప్పుడు నీళ్లతో పాటు నేలలోని ఉప్పుని కూడా బయటికి తీసుకుపోతుంది. దారి మూసుకుపోయిన చోట నీళ్లు ఆకాశంలోకి పోతాయి, ఉప్పు అక్కడే ఉండిపోతుంది.

నేను 22 ఏళ్లుగా నీటి లెక్కల పనిలో ఉన్నాను. వాగుల్లో ప్రవాహం కొలవడం, బావుల్లో మట్టం చూడటం, నీళ్లలో ఉప్పు శాతం పరీక్షించడం నా పని. అందులో తొమ్మిదేళ్లు రాజస్థాన్‌లో గడిచాయి. పుట్టింది అనంతపురం వైపు పల్లెలో కాబట్టి కరువు, చౌడు నేల నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా ఈ విషయం నిజంగా అర్థమైంది మాత్రం అక్కడికి వెళ్లాకే.

ముందు నీళ్ల సంగతి. మనవాళ్లకి టీఎంసీ లెక్క అలవాటే కాబట్టి అందులోనే చెబుతాను. ఒక టీఎంసీ అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. బయటికి దారి లేని ఒక పల్లంలోకి ఏడాదికి 10 టీఎంసీలు వచ్చి చేరుతున్నాయి అనుకుందాం. అక్కడ పడే వాన పోగా ఏడాదికి మీటరున్నర నీరు ఆవిరవుతుంది అనుకుందాం. సరస్సు పెరుగుతూ పోతుంది, పెరిగిన కొద్దీ ఎండకి తగిలే విస్తీర్ణం ఎక్కువై ఆవిరి కూడా పెరుగుతుంది. వచ్చేదీ పోయేదీ సమానమయ్యే దగ్గర ఆగిపోతుంది. ఈ లెక్కలో ఆ విస్తీర్ణం సుమారు 190 చదరపు కిలోమీటర్లు. పైన ఎవరైనా ఐదు టీఎంసీలు వాడేసుకుంటే సరస్సు సగమైపోతుంది. ఇందులో బేరం లేదు. మామూలు చెరువుకైతే పైనుంచి నీరు తగ్గినప్పుడు ముందు అలుగు పారడం ఆగుతుంది, ఆ తర్వాతే చెరువు తగ్గుతుంది. ఇలాంటి సరస్సుకి అలుగే లేదు. పైన తగ్గిన ప్రతి చుక్కా దాని ఒంట్లోంచే పోతుంది.

ఇప్పుడు ఉప్పు లెక్క. మంచినీళ్లు అని మనం అనుకునే నదిలో కూడా లీటరుకి 200 మిల్లీగ్రాముల లవణాలు ఉండటం మామూలే. నోటికి అసలు తెలియదు. కానీ ఒక టీఎంసీకి లెక్క కడితే 5,660 టన్నులు వస్తుంది. పది టన్నుల లారీలు 566 కావాలి. పది టీఎంసీలంటే ఏటా 5,660 లారీల ఉప్పు ఆ పల్లంలో దింపుతున్నట్టే, ఒక్క లారీ కూడా తిరిగి బయటికి రానట్టే. ఇలా వేల ఏళ్లు జరిగితే ఆ నేల ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఊహ అక్కర్లేకుండా చూడాలంటే లూనీ నది ఉంది. అజ్మీర్ దగ్గర ఆరావళి కొండల్లో పుట్టి, నైరుతి దిక్కుగా దాదాపు 500 కిలోమీటర్లు నడిచి, గుజరాత్‌లోని కచ్ రణ్ అనే ఉప్పు బురద నేలల్లో మాయమైపోతుంది. అదే ఆరావళిలో పుట్టిన సబర్మతి మాత్రం ఖంభాత్ సింధుశాఖకి చేరుతుంది. ఒకే కొండల వరస, రెండు తలరాతలు. లూనీ పడమటికి పోయే కొద్దీ వాన తగ్గుతుంది, ఎండ పెరుగుతుంది, ఇసుక పెరుగుతుంది. దారిలో సుక్రీ, జవాయి, బండీ, జోజరీ లాంటి ఉపనదులు కలుస్తాయి కానీ అవన్నీ వానాకాలం నదులే.

అక్కడివాళ్లు లూనీ గురించి ఒక మాట చెబుతారు: బాలోత్రా దాకా తీపి, ఆ తర్వాత ఉప్పు. లూనీ అనే పేరే లవణం నుంచి వచ్చింది. నేను ఒక అక్టోబర్‌లో, వరద తగ్గాక, ఉప్పదనం కొలిచే మీటరు పట్టుకుని పై నుంచి కిందికి గుంట గుంటకీ ఆగుతూ కొలుచుకుంటూ వెళ్లాను. పైన మేకలు హాయిగా తాగుతున్న నీళ్లు. కింద ఒక చోట కాపరి తన గొర్రెల్ని కర్రతో అదిలించి గుంట దగ్గరికి పోకుండా ఆపుతున్నాడు. మీటరు తీసి చూపించబోతే, నాకు దానితో పనిలేదు అన్నట్టు చేతులూపి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని ఊసేశాడు. నా మీటరు చెప్పిందీ అదే.

లూనీ దగ్గర ఇంకో సంగతి కూడా చూడాలి. పాలీ, బాలోత్రా, జోధ్‌పుర్‌లలో బట్టలకి రంగులద్దే పరిశ్రమలు చాలా ఉన్నాయి. వాటి వ్యర్థాలు బండీ, జోజరీ, లూనీల్లోకి చేరడం మీద దశాబ్దాలుగా గొడవలు, కోర్టు కేసులు నడుస్తున్నాయి. సముద్రానికి పోయే నదిలో వదిలినా అది తప్పే. కానీ దారి లేని నదిలో వదిలితే ఆ రంగు, ఆ రసాయనం ఆ జిల్లాలోనే, ఆ రైతు బావిలోనే తేలుతుంది. బయటికి దారి లేని పరీవాహక ప్రాంతంలో కాలుష్యానికీ దారి ఉండదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కుదుటపడదు.

ఇక సాంభర్ సరస్సు. మీ మూడో ప్రశ్నకి మొదటి జవాబు అదే. జైపూర్‌కి నైరుతిగా 80 కిలోమీటర్ల లోపే ఉంటుంది. దేశంలో లోపలి భూభాగంలో ఉన్న ఉప్పునీటి సరస్సుల్లో అతి పెద్దది, 1990 నుంచి రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో ఉంది. మేంధా, రూపన్‌గఢ్ అనే రెండు ముఖ్యమైన వాగులూ, కొన్ని చిన్నవీ అందులోకి వస్తాయి. బయటికి ఒక్కటీ పోదు. వానాకాలం ముగిసేసరికి లోతైన చోట 3 మీటర్ల నీరుంటే, ఎండాకాలానికి చాలా భాగం జానెడు లోతుకి దిగి, ఆ పైన తెల్లగా ఎండిపోతుంది. సరస్సుకి అడ్డంగా 5 కిలోమీటర్ల పొడవున రాతికట్ట ఉంది. దానికి తూర్పున ఉప్పు మడులు. 1870లో బ్రిటిష్‌వాళ్లు జైపూర్, జోధ్‌పుర్ సంస్థానాల దగ్గర దీన్ని కౌలుకి తీసుకున్నారు. ఉప్పు మోయడానికి మడుల మధ్య చిన్న రైలు పట్టాలు కూడా వేశారు.

ఆ సరస్సు ఇప్పుడు చిక్కిపోతోంది. పై భాగంలో ప్రతి ఊరూ తన వాగు మీద చెక్‌డ్యామ్ కట్టుకుంది. నేను ఆ ఊళ్లని తప్పు పట్టలేను. అనంతపురంలో పుట్టినవాడిని, వాన నీళ్లు ఊరు దాటి పోతుంటే గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు. కానీ ఇందాక చెప్పిన లెక్క గుర్తు తెచ్చుకోండి. అలుగు లేని సరస్సు అది. దానికి తోడు సరస్సు అంచుల్లో అక్రమంగా బోర్లు వేసి, నేల అడుగున ఉన్న చిక్కటి ఉప్పునీటిని మోటార్లతో తోడుకుంటున్నారు. పైనుంచి వచ్చే నీరు తగ్గింది, అడుగు నుంచి తోడేది పెరిగింది. 2019 నవంబర్‌లో అక్కడ సుమారు 18,000 వలస పక్షులు చచ్చిపోయాయి. బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే బాట్యులిజం అనే జబ్బు కారణమని పరీక్షల్లో తేలింది. వేల మైళ్లు ఎగిరి వచ్చిన పక్షులు కాళ్లు, రెక్కలు చచ్చుబడి బురదలో పడి ఉన్న ఆ ఫొటోలు చూసినప్పుడు, ఏడాది ముందు అదే ఒడ్డున నేను నిలబడి కొలతలు తీసుకున్న చోటు గుర్తొచ్చి రెండు రోజులు పని చేయలేకపోయాను.

మన కొల్లేరుతో పోల్చి చూడండి, తేడా తేలిగ్గా అర్థమవుతుంది. కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో కాలువలు వస్తాయి. పల్లమే, నీరు నిలిచేదే. అయినా అది మంచినీటి సరస్సు. ఎందుకంటే ఉప్పుటేరు ఉంది. ఉప్పుటేరు అదనపు నీటితో పాటు లవణాల్ని కూడా బంగాళాఖాతంలోకి దింపేస్తుంది. ఆ ఏరుకి ఎవరో అడ్డుకట్ట వేసి, పైనుంచి వచ్చే నీటిని కూడా తగ్గించేశారు అనుకోండి. కొన్ని తరాలు గడిస్తే కొల్లేరు కూడా సాంభర్ బాట పడుతుంది.

అందుకే "నీళ్లు సముద్రంలో కలిసి వృథా అవుతున్నాయి" అన్న మాట వింటే నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఎక్కువ నీరు నిలుపుకోవద్దని కాదు నా ఉద్దేశం. ప్రాజెక్టులు కావాలి, నిల్వ కావాలి. కానీ మొత్తం నీరు ఆపేయడం అంటే మొత్తం ఉప్పుని కూడా ఆపేయడమే.

ఇది నేను పుస్తకంలో నేర్చుకున్నది కాదు, నా తప్పుతో నేర్చుకున్నది. రాజస్థాన్ వెళ్లిన కొత్తల్లో ఒక పల్లపు ప్రాంతానికి వాగు నీళ్లు మళ్లించే చిన్న పథకానికి నీటి లెక్కలు నేనే చేశాను. ఎన్ని నీళ్లు వస్తాయి, ఎన్ని ఎకరాలు తడుస్తాయి, అన్నీ కాగితం మీద ఉన్నాయి. ఉప్పు లెక్క మాత్రం లేదు. మురుగు కాలువ తవ్వాలంటే కిందికి వాలు లేదు, నీళ్లని ఎత్తిపోయాలి, ఖర్చు ఎక్కువ అని దాన్ని వదిలేశారు. నేను అడ్డు చెప్పలేదు. మొదటి రెండేళ్లు గోధుమ బాగా పండింది. మూడో ఏడు మళ్లలో అక్కడక్కడా మొలక రాలేదు. నాలుగో ఏడు మళ్లీ వెళ్తే, పొద్దున్నే ఎండకి చేలలో తెల్లటి పొర మెరుస్తోంది. నీరు పెట్టే కొద్దీ భూగర్భ మట్టం పైకి వచ్చి, వేళ్ల దగ్గర ఆవిరై, ఉప్పుని పైకి ఈడ్చింది. చౌడెక్కడం అంటే ఇదే. ఒక ముసలాయన పిడికెడు మట్టి తీసి నా చేతిలో పెట్టాడు, ఏమీ అనలేదు. ఆ తర్వాత నేను చేసిన ఏ నివేదికలోనూ ఉప్పు లెక్క లేకుండా నీటి లెక్క ఇవ్వలేదు.

పెద్ద ఎత్తున జరిగిన కథ మధ్య ఆసియాలోని అరల్ సముద్రానిది. పేరుకి సముద్రం, నిజానికి సరస్సు. ఆము దర్యా, సిర్ దర్యా నదులు పామీర్, తియాన్‌షాన్ కొండల మంచు నీళ్లు తెచ్చి అందులో పోసేవి. 1960లో దాని విస్తీర్ణం దాదాపు 68,000 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగానికి పైనే. సోవియట్ ప్రభుత్వం పత్తి కోసం ఆ రెండు నదుల నీటినీ కాలువల్లోకి మళ్లించింది. 1987 నాటికి సరస్సు ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలైంది. 2014లో దక్షిణపు ముక్కలో తూర్పు భాగం పూర్తిగా ఎండిపోయింది. మొయ్నాక్ అనే రేవు ఊళ్లో చేపల పడవలు ఇసుకలో తుప్పుపట్టి నిలబడి ఉన్నాయి. అడుగున పేరుకున్న ఉప్పు, పత్తికి చల్లిన మందులు గాలికి లేచి ఊళ్ల మీద పడ్డాయి.

ఇందులో ఎక్కువమంది చెప్పని భాగం ఒకటుంది. 2005లో కజకిస్తాన్ ప్రపంచ బ్యాంకు సాయంతో ఉత్తర ముక్కకి దక్షిణాన కోక్‌అరల్ ఆనకట్ట పూర్తిచేసింది. సిర్ దర్యా నీరు అక్కడే ఆగి మట్టం పెరిగింది, చేపలు తిరిగి వచ్చాయి. మట్టం పెరగడం అర్థమవుతుంది. మరి ఉప్పు ఎలా తగ్గింది? ఆ ఆనకట్టకి తూములు ఉన్నాయి. నిండిన నీరు వాటిలోంచి దక్షిణానికి పోతుంది, పోతూ ఉప్పుని తీసుకుపోతుంది. అంటే ఉత్తర అరల్ బతికింది దానికి ఒక ఉప్పుటేరు దొరికింది కాబట్టి. దక్షిణ భాగం ఆ ఉప్పు దింపుకునే చోటు అయింది. ఒక ముక్కని కాపాడటానికి రెండో ముక్కని వదులుకున్నారు. వేరే దారి ఉందని నేను అనను, కానీ ఆ ధర గురించి కూడా చెప్పాలి.

కాస్పియన్ కథ కూడా ఇలాంటిదే. ఐరోపాలో అతి పొడవైన వోల్గా నది సముద్రానికి పోదు, కాస్పియన్‌లో ఆగిపోతుంది. కాస్పియన్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపిన దానికంటే పెద్ద సరస్సు. అయినా దాని ఉప్పదనం మహాసముద్రంలో మూడో వంతే. దానికి ఒక కారణం తూర్పున ఉన్న కరా బోగజ్ గోల్ అనే లోతు లేని అఖాతం. కాస్పియన్ నీరు సన్నటి దారిలో అందులోకి పోయి, ఎడారి ఎండకి ఆవిరై, ఉప్పుని అక్కడ దింపుతుంది. కాస్పియన్ మట్టం తగ్గుతోందన్న ఆందోళనతో 1980లో ఆ దారిని మూసేశారు. కొన్నేళ్లలోనే అఖాతం ఎండి ఉప్పు ఎడారి అయింది. ఇటు చూస్తే కాస్పియన్ మట్టం అప్పటికే తనంతట తానే పెరగడం మొదలుపెట్టింది. 1992లో తుర్క్‌మెనిస్తాన్ ఆ కట్టని తీయించింది.

కొన్ని మినహాయింపులు కూడా చెప్పాలి, లేకపోతే నా జవాబు సగమే అవుతుంది.

సముద్రాన్ని చేరని ప్రతి నదీ ఉప్పగా ముగియదు. అంగోలాలో పుట్టిన ఒకవాంగో నది బోట్స్వానాలో కలహారి ఇసుకలో విప్పారి డెల్టా అవుతుంది. అక్కడి నీళ్లు తియ్యగా ఉంటాయి, ఏనుగులు, నీటి గుర్రాలు అందులోనే బతుకుతాయి. అక్కడ దీవుల మీది చెట్లు నీటిని పీల్చుకుని ఉప్పుని తమ అడుగున భూమిలో వదిలేస్తాయి. ఉప్పు పోలేదు, చెట్ల కింద దాగి ఉంది. ఆ చెట్లని నరికితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఆఫ్రికాలోనే చాద్ సరస్సుకి కూడా పైకి కనిపించే దారి లేదు, అయినా నీళ్లు మంచివే. అక్కడ నేల అడుగున ఊటగా నీరు బయటికి పోతూ ఉప్పుని తీసుకుపోతుంది. కాబట్టి ఒక సరస్సుకి దారి ఉందా లేదా అన్నది మ్యాప్ చూసి తేల్చకండి, భూగర్భం కూడా చూడాలి.

పోటీ పరీక్షలకి చదువుతున్నామన్నారు కాబట్టి ఇంకో మాట. లూనీని పుస్తకాలు అంతర్భూభాగ నది, అంటే సముద్రాన్ని చేరని నది అంటాయి, మీరు అదే రాయండి. కానీ కచ్ రణ్‌లోకి వానాకాలంలో సముద్రపు నీరు కూడా ఎక్కుతుంది, అందుకే నిపుణుల్లో కొంత వాదన ఉంది. అనుమానం లేని ఉదాహరణ ఘగ్గర్. శివాలిక్ కొండల్లో పుట్టి, హర్యానా దాటి, రాజస్థాన్ ఇసుకలో ఆగిపోతుంది. ఒకప్పుడు దాని వరదని సూరత్‌గఢ్ దగ్గర ఇసుక దిబ్బల మధ్య పల్లాల్లోకి మళ్లించారు. ఆ నీటికి పోయే దారి లేక, చుట్టుపక్కల పొలాల్లో ఊట పైకి వచ్చి నీరు నిలిచిపోయింది.

కృష్ణని ఈ జాబితాలో కలపకండి. 2001 తర్వాత వచ్చిన వరుస కరువు ఏళ్లలో ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రానికి పోయిన నీరు చాలా తక్కువ. అప్పుడు కొందరు కృష్ణ మూతపడిన నది అయిపోయిందని రాశారు. అది మనుషుల వాడకం వల్ల వచ్చిన పరిస్థితి, ప్రకృతి సిద్ధంగా కృష్ణకి సముద్రం దాకా దారి ఉంది. కారణం వేరే అయినా ఉప్పు లెక్క మాత్రం ఒకటే. నది దిగువకి పోకపోతే డెల్టా చివరి భూముల్లో ఏమవుతుందో దివిసీమ రైతుని అడగండి, నాకంటే బాగా చెబుతాడు.

ఇక ఎక్కడ చూడాలన్నది. మనకి దగ్గరలో కావాలంటే మహారాష్ట్ర బుల్ధానా జిల్లాలోని లోనార్ వెళ్లండి. ఉల్క పడి ఏర్పడిన గుంటలో సరస్సు, చుట్టూ గోడలా ఒడ్డు, బయటికి దారి లేదు, నీళ్లు సబ్బు నీళ్లలా క్షారంగా ఉంటాయి. 2020 జూన్‌లో గులాబీ రంగుకి మారి వార్తల్లోకి వచ్చింది అదే. లద్దాఖ్ వెళ్లే అవకాశం ఉంటే పాంగాంగ్ చూడండి. ఒకప్పుడు అందులోంచి నీరు ష్యోక్ మీదుగా సింధులోకి పోయేది. ఆ దారి మూసుకుపోయాక ఇప్పుడు ఉప్పగా మారింది. ఒక్కటే చూడగలను అంటే మాత్రం సాంభర్ వెళ్లండి, డిసెంబర్ లేదా జనవరిలో. పొద్దున్నే రాతికట్ట మీద నడిస్తే ఒక పక్క ఫ్లెమింగోలు, ఇంకో పక్క ఉప్పు మడులు కనిపిస్తాయి. ఒడ్డు బురదలోకి దిగొద్దు, పైన గట్టిగా కనిపించినా మోకాలి దాకా దిగిపోతుంది. వీలైతే మేంధా వాగు పై ఊళ్లలో ఒక చెక్‌డ్యామ్ దగ్గర కూడా ఆగి, అక్కడి నీళ్లు ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూసి, తర్వాత సరస్సు నీళ్లు కూడా అలాగే చూడండి. మధ్య దూరం గంట ప్రయాణం. కొలతలు తీసుకోవాలనుకుంటే ఏ మీటరు కొనాలో, ఎలా వాడాలో ఇక్కడే అడగండి, చెబుతాను.